చివరి గ్రిల్ దగ్గర కొలవాలి

మా ఇంట్లో రెండు తరాల కూడు గాలి పనిలోంచే వచ్చింది. బాపు బట్టల మిల్లులో తేమ గాలి పంపే ప్లాంటులో చేశాడు. నేను ఏసీ డక్టుల పని చేస్తున్నాను. మా ఇద్దరి మధ్య 1982 బొంబాయి మిల్లుల సమ్మె ఉంది, ఆ తరవాత మూతపడిన మిల్లులున్నాయి, ఆ మిల్లుల నేల మీద లేచిన అద్దాల ఆఫీసులున్నాయి. ఇంత మారినా, బాపు తన పనిలో తెలుసుకున్నదీ నేను నా పనిలో తెలుసుకున్నదీ ఒకే సంగతి. గాలిని చల్లబరచడానికో తడపడానికో యంత్రం చాలు. ఆ గాలిని కడపటి మనిషి దాకా చేర్చాలంటే మాత్రం దారిలో ప్రతి అతుకూ గట్టిగా ఉండాలి. ఆ సంగతి నాకెలా తలకెక్కిందో, ఎందుకు నలుగురికీ చెప్పాలనిపిస్తోందో రాస్తున్నాను.

మాది ఫాక్‌లాండ్ రోడ్డును ఆనుకుని ఉన్న కామాటిపురా గల్లీ. 1848 నుంచి 1853 దాకా బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ ఫాక్‌లాండ్ పేరు ఆ రోడ్డుకు పెట్టారు. కాగితాల మీద ఇప్పుడది పఠ్ఠే బాపూరావ్ మార్గ్. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చిన తెలుగువాళ్ళను బొంబాయి కామాటీలన్నది, పేటకు వాళ్ళ పేరే నిలిచింది. బయటివాళ్ళకు ఈ పేట అనగానే రెడ్ లైట్ వీధులే గుర్తొస్తాయి. రాళ్ళు మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని లేపిన చేతులు ఇక్కడివేనని చాలామందికి తెలియదు. జ్యోతిరావు ఫూలే 1873లో పుణేలో సత్యశోధక సమాజం పెడితే, బొంబాయిలో దానికి అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు వంటి తెలుగువాళ్ళున్నారు. కట్టుబడి పనివాళ్ళ వెనకే నేతపని తెలిసిన పద్మశాలీలు వచ్చారు. మా గల్లీ నుంచి నడిచిపోయేంత దూరంలో, తాడ్‌దేవ్‌లో, కావస్‌జీ దావర్ 1854లో బొంబాయి మొదటి నూలు మిల్లుకు కంపెనీ పెట్టాడు. ఆ తరవాత నూరేళ్ళకు పైగా ఈ చాళ్ళ (వరస గదుల ఇళ్ళ) బతుకు మిల్లు భోంగా కూతతోనే లేచింది, పడుకుంది.

మిల్లులో గాలికి ఎంత విలువో బయటివాళ్ళకు అంతగా తెలియదు. సాంచా (మగ్గం) మీద నూలుపోగు పొడిబారితే తెగుతుంది. బొంబాయి సముద్రం ఒడ్డునే ఉంది కదా, తేమకేం కొదవ అనుకుంటాం. కానీ వందలాది సాంచాలు ఒకేసారి ఆడుతుంటే ఆ వేడికి షెడ్డులో గాలి ఎండిపోతుంది. అందుకే ప్లాంటులో నీటి తుంపరల గుండా గాలిని లాగి, పెద్ద ఫ్యాన్లతో పత్రా (రేకు) డక్టుల్లోకి తోసి, కప్పు కింద వరసగా ఉన్న గ్రిల్స్ నుంచి షెడ్డంతా వదిలేవాళ్ళు. నేత ఖాతాలో తేమ 80 శాతం దగ్గర నిలిస్తేనే పని సాఫీగా సాగేది.

ఏసీ చరిత్ర మొదలైంది కూడా ఇలాంటి చోటే. 1902లో విల్లిస్ కారియర్ బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సు కోసం గాలిలో తేమను అదుపు చేసే యంత్రం గీశాడు, కాగితం తేమకు సాగి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడకపోవడంతో. 1906లో స్టువర్ట్ క్రామర్ అనే ఇంజనీరు అమెరికా దక్షిణాది బట్టల మిల్లుల కోసం అదే దారిలో పనిచేశాడు. మనిషి సుఖం కంటే ముందు కాగితానికీ దారానికీ గాలిని సిద్ధం చేశారు. మనిషి వంతు తరవాత వచ్చింది.

నేతగాళ్ళకు కూలి పీసు లెక్కన ఇచ్చేవాళ్ళు. దారం తెగిన ప్రతిసారీ సాంచా ఆపి ముడి వేయాలి. ఆగినంతసేపూ కూలి ఆగినట్టే. ప్లాంటుకు దగ్గరున్న సాంచాలకు గాలి ధారగా వచ్చేది, షెడ్డు ఆ చివరి సాంచాల దాకా పోయేసరికి సన్నబడేది. డక్టు అతుకుల్లో, తుప్పు పట్టిన మూలల్లో గాలి దారి తప్పేది. చివరి వరసలో నిలబడిన మనిషి పనిలో ఎంత నేర్పరి అయినా పగారు తక్కువ వచ్చేది. మేస్త్రీ తిట్లు కూడా అతనికే. బాపు ఆ సంగతి చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది.

"ప్లాంటు కాడ గాలి జోరు చూసి మురువకు బిడ్డా. ఆఖరి సాంచా కాడికి పోయి నిలబడు. ఆడ దారం తెగకుంటనే మన పని అయినట్టు" అనేవాడు.

సమ్మె తరవాత బాపుకు మిల్లు మళ్ళీ తెరుచుకోలేదు. చాళ్ళోనే ఉండే కాక ఒకాయన పత్రా పని చేసేవాడు. నన్ను ఆయన చేతికి అప్పగించారు. జీఐ పత్రా కొలిచి కోయడం, అంచు మడవడం, లాక్ కొట్టడం, ఫ్లాంజ్ బిగించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. డక్టు పని చూడటానికి డబ్బా పనే. ముక్కలుగా చేసి, పైకెత్తి, ఒకదానికొకటి బిగించి, పైన ఇన్సులేషన్ చుట్టి, కింద ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇక కంటికి కనబడదు. ఈ కనబడకపోవడంలోనే చిక్కంతా ఉంది. పైపు కారితే నీళ్ళు నెత్తిన పడతాయి. డక్టు కారితే ఎవరి నెత్తినా ఏమీ పడదు. బిల్లు పెరుగుతుంది, మూలన కూర్చున్నవాళ్ళకు చెమట పడుతుంది, రెండింటికీ కారణం ఒకటేనని ఎవరికీ తట్టదు.

గాలి ఎక్కడెక్కడ పోతుందో పనివాళ్ళను అడిగితే వేళ్ళ మీద చెప్తారు. ఫ్లాంజ్ నాలుగు మూలలు మొదటిది, గ్యాస్కెట్ అక్కడే తెగి ఉంటుంది. ఏహెచ్‌యూ (గాలిని చల్లబరచి డక్టుల్లోకి తోసే యంత్రం) నోటి దగ్గర ఫ్యాన్ అదురు డక్టుకు పాకకుండా వేసే కాన్వాస్ రెండోది, కొన్నేళ్ళకు చిరుగుతుంది. పెద్ద డక్టు నుంచి పిల్ల డక్టు చీలే కాలర్, గాలిని హెచ్చుతగ్గులు చేసే డ్యాంపర్ కడ్డీ తిరిగే బెజ్జం, ఫిల్టర్ మార్చే తలుపు, డిఫ్యూజర్ పైన ఫ్లెక్సిబుల్ గొట్టాన్ని ఊరికే తొడిగి వదిలేసిన చోటు తరవాత వస్తాయి. డక్టువాళ్ళం దిగిపోయాక కరెంటువాళ్ళో అగ్నిమాపక పైపుల వాళ్ళో వచ్చి, అడ్డమొచ్చిందని చేసే బెజ్జాలు వేరే. ముంబై ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టి వదులైపోవడం వీటన్నిటికీ తోడు.

మిల్లు నేల మీద లేచిన ఒక ఆఫీసులో ఈ పాఠం నాకు బాగా తలకెక్కింది. ఏహెచ్‌యూ గది పక్కన కూర్చున్న ఉద్యోగులు మే నెలలోనూ శాలువాలు కప్పుకునేవాళ్ళు. హాలు ఆ కొసన ఉన్నవాళ్ళు సొంత డబ్బుతో టేబుల్ ఫ్యాన్లు తెచ్చుకున్నారు. యాజమాన్యం ఇంకో యంత్రం కొనాలని నిర్ణయించి, మరిన్ని టన్నులకు ధర అడిగింది. కాక ధర చెప్పలేదు. ముందు కొలుద్దామన్నాడు. ఏహెచ్‌యూ నుంచి బయలుదేరే గాలిని కొలిచాం, తరవాత ఒక్కొక్క గ్రిల్ దగ్గరా కొలిచి కూడాం. మొదటి లెక్కకూ రెండో లెక్కకూ పొంతన కుదరలేదు. బయలుదేరిన గాలిలో పెద్ద భాగం సీలింగ్ పైనే ఆగిపోతోంది. పలకలు తీసి పైకెక్కితే ఎక్కడికక్కడ చెంపకు చల్లగా తగిలింది. మనుషులు కూర్చున్న హాలు కంటే ఎలకలు తిరిగే అటక చల్లగా ఉంది.

కొత్త యంత్రం కొనలేదు. అతుకులన్నీ మూశాం, కాన్వాస్ మార్చాం, డ్యాంపర్లు మళ్ళీ సరిచేశాం. హాలు కొసన టేబుల్ ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆ రోజు నాకు బాపు మాట అర్థం మారింది. అప్పటిదాకా అది నేతగాళ్ళ మీద జాలితో అన్న మాటనుకున్నాను. నిజానికి అది కొలత ఎక్కడ తీయాలో చెప్పే మాట.

లెక్క చూద్దాం. 20 టన్నుల ఏసీకి టన్నుకు 400 సీఎఫ్‌ఎం చొప్పున నిమిషానికి 8,000 ఘనపుటడుగుల గాలి తిరగాలి. అందులో నాలుగో వంతు చల్లదనం అక్కర్లేని షాఫ్టులోకో బయటికో పోతే, 5 టన్నుల యంత్రం ఊరికే నడుస్తున్నట్టు. టన్నుకు 1.2 కిలోవాట్లు, రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే 18,000 యూనిట్లు. యూనిట్ 12 రూపాయలైతే 2 లక్షల 16 వేల రూపాయలు. ఇదంతా ఎవరికీ చల్లగాలి ఇవ్వకుండా పోయే సొమ్ము. గాలి ఫాల్స్ సీలింగ్ పైకే కారి, అదే సీలింగ్ గుండా ఏహెచ్‌యూకు తిరిగి వెళ్ళేచోట చల్లదనం పూర్తిగా పోదు. కానీ మనిషిని తాకకుండానే తిరిగొచ్చిన ఆ గాలిని తిప్పడానికి ఫ్యాన్ పడిన కష్టమంతా వృథా.

ఫ్యాన్ సంగతి ఇంకా తీవ్రం. ఒక డక్టులో గాలిని 20 శాతం పెంచాలంటే కరెంటు 20 శాతం పెరిగితే చాలదు. గాలి పెరిగిన నిష్పత్తిని ఘనం చేయాలి, అంటే దాదాపు 73 శాతం ఎక్కువ కావాలి. ఇదే లెక్క తిరగేస్తే మనకు మేలు. గాలి అవసరం 10 శాతం తగ్గితే ఫ్యాన్ కరెంటు 27 శాతం దాకా తగ్గుతుంది. అయితే అతుకులు మూసి చేతులు దులుపుకుంటే ఈ ఆదా రాదు. మూశాక ఫ్యాన్ వేగం తగ్గించాలి, ప్రతి గ్రిల్ దగ్గరా మళ్ళీ కొలిచి పంపకం సరిచేయాలి. ఈ చివరి అడుగు వేయని చోట యజమాని "సీల్ చేసినా బిల్లు తగ్గలేదు" అంటాడు.

గాలిని తిరిగి లాక్కునే రిటర్న్ డక్టులో చిల్లి ఉంటే నష్టం ఇంకో రకం. అది బయటికి వదలదు, లోపలికి పీలుస్తుంది. వానాకాలం ముంబైలో సీలింగ్ పైన, షాఫ్టుల్లో ఉండే ఉక్కగాలినీ దుమ్మునూ పీల్చి యంత్రానికి పెడుతుంది. గాలిని చల్లబరచడం కంటే అందులో తేమను పిండడానికి యంత్రం ఎక్కువ శ్రమపడుతుంది. గదిలో 24 డిగ్రీలు చూపించినా ఒళ్ళు జిగటగా ఉంటే ఈ చిల్లిని అనుమానించాలి. చల్లటి పత్రాకు ఉక్కగాలి తగిలి నీరు పడుతుంది, ఇన్సులేషన్ నాని బూజు పడుతుంది, సీలింగ్ పలకల మీద పసుపు మరకలు తేలుతాయి. ఆ మరకలకు రంగు వేయించేవాళ్ళను చూశాను. రంగు కింద చిల్లి అలాగే ఉంటుంది.

మూసే పద్ధతి కష్టమైనదేమీ కాదు, వరస తప్పకూడదు అంతే. డక్టు ఎక్కించే ముందే చీకట్లో లోపల దీపం పెట్టి బయటి నుంచి చూడాలి. వెలుగు ఎక్కడ కనబడితే గాలి అక్కడ పోతుంది. దీన్ని మావాళ్ళు లైట్ టెస్టు అంటారు. ఎక్కించాక రెండు కొసలూ మూసి పొగ వదిలి స్మోక్ టెస్టు చేస్తారు. పెద్ద పనుల్లో ఒత్తిడి నింపి ఎంత కారుతుందో మీటరు మీదే చూస్తారు. అతుకుకు బ్రష్షుతో పూసే సీలెంట్ ఆరేదాకా ఆగాలి, ఆ తరవాత పరీక్ష, అదయ్యాకే ఇన్సులేషన్. ముందే ఇన్సులేషన్ చుట్టేస్తే చిల్లి కనబడదు, మూయడమూ కుదరదు. గుడ్డ టేపును నమ్మకూడదు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో మ్యాక్స్ షెర్మన్, ఇయన్ వాకర్ 1998లో రకరకాల టేపులను వేడికీ చలికీ మార్చి మార్చి పరీక్షిస్తే, బజారులో డక్టుల కోసమని అమ్మే రబ్బరు జిగురు గుడ్డ టేపే అన్నిటికంటే ముందు ఊడిపోయింది. అదే ప్రయోగశాలలో మార్క్ మొడేరా 1990లలో ఇంకో మార్గం కనిపెట్టాడు. గ్రిల్స్ అన్నీ మూసి, జిగురును సన్నటి తుంపరగా డక్టులోకి ఊదుతారు. గాలి ఏ చిల్లి గుండా పోతుందో ఆ అంచులకే జిగురు అతుక్కుని దాన్ని మూసేస్తుంది. చేయి దూరని పాత డక్టులకు ఇది పనికొస్తుంది. చిరిగిన కాన్వాస్‌నూ ఊడిన కాలర్‌నూ మాత్రం చేత్తోనే బాగుచేయాలి.

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. అక్కడి ఇళ్ళలో డక్టులు చాలావరకు పైకప్పు కింద అటకలో నడుస్తాయి. ఎండాకాలం ఆ అటక 50 డిగ్రీలు దాటుతుంది. అమెరికా ప్రభుత్వ అంచనా ప్రకారం మామూలు ఇంట్లో డక్టులో తిరిగే గాలిలో 20 నుంచి 30 శాతం చిల్లుల్లో, అతుకుల్లో పోతుంది. "మామా, పై గది ఎంతకీ చల్లబడతలేదు, పెద్ద యూనిట్ పెట్టించాలె" అని ఫోన్ చేస్తే, ముందు డక్టు పరీక్ష చేయించుకొమ్మన్నాను. ఫ్యాన్‌తో డక్టులో 25 పాస్కల్స్ ఒత్తిడి నిలిపి ఎంత కారుతుందో చూసే పరీక్ష అక్కడ మామూలే. డల్లాస్‌లో, న్యూజెర్సీలో సొంత ఇళ్ళు కొనుక్కుంటున్న మన పిల్లలందరికీ నేను చెప్పేది ఇదే. యంత్రం టన్నులు అడిగేముందు డక్టు ఎంత కారుతుందో అడగండి.

మన దగ్గర నియమాలు లేకపోలేదు. డక్టుల తయారీకి భారత ప్రమాణం ఐఎస్ 655 ఉంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2007లో వాణిజ్య భవనాలకు ఇంధన పొదుపు కోడ్ తెచ్చి, 2017లో దాన్ని సవరించింది. లోపం బిల్లు పద్ధతిలో ఉంది. డక్టు పనికి చదరపు మీటర్ల లెక్కన డబ్బులిస్తారు. పత్రా ఎంత పరిచామో కొలుస్తారు, అతుకు ఎంత బాగా మూశామో కొలవరు. సీలెంట్ ఆరేదాకా ఆగిన పనివాడు ఆ రోజు తక్కువ మీటర్లు చేస్తాడు, తక్కువ కూలి తీసుకుంటాడు. బాపు కాలంలో పీసు రేటు నేతగాణ్ణి ఎలా శిక్షించిందో, ఇప్పుడు చదరపు మీటరు రేటు శ్రద్ధగల పనివాణ్ణి అలాగే శిక్షిస్తోంది. లీకేజీ పరీక్షను టెండర్‌లో రాసి, దానికి విడిగా డబ్బులు పెడితే ఈ అన్యాయం పోతుంది. గాలి కారిపోవడం పనివాడి బద్ధకం వల్లనే అనుకుంటే మనం ఎన్నటికీ దాన్ని ఆపలేం.

గట్టిగా మూయమన్నానని ఇంటి గాలినే మూసేయకూడదు. మా పేట ఈ సంగతి ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని గదుల్లో కిక్కిరిసి బతికిన కూలిజనాన్ని అది ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. 1898లో బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి, మా పక్కనే ఉన్న నాగ్‌పాడాలో ఇరుకు ఇళ్ళు తీసి, గాలి ఆడేలా వీధులు వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు చాళ్ళో పది అడుగుల ఖోలీలో కూడా స్ప్లిట్ ఏసీ పెడుతున్నారు. రాగి గొట్టం బయటికి పోయే బెజ్జం చుట్టూ, కిటికీ చెక్కల సందుల్లో, తలుపు కింద చల్లదనం పోతోంది. వాటిని మూయండి, మంచిదే. కానీ స్ప్లిట్ ఏసీ బయటి నుంచి కొత్త గాలి తేదు, లోపలి గాలినే తిప్పుతుంది. అదే గదిలో గ్యాస్ పొయ్యి వెలుగుతుంటే కిటికీ తెరిచే ఉంచాలి. ఏసీ వేసుకుని పడుకునే గదికి కూడా కొంత గాలి రాకపోక ఉండాలి. గాలి రావాలి, పోవాలి, అయితే మనం పెట్టిన దారిలో.

కామాటిపురాను మొత్తంగా తిరిగి కట్టే ప్రణాళిక ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. చాళ్ళు పోయి అంతస్తులు లేస్తాయి. గల్లీలో మనవాళ్ళు కలిసినప్పుడల్లా ఎన్ని చదరపు అడుగులు ఇస్తారనే మాటే నడుస్తోంది. ఆ మాట అడగాల్సిందే. దానితోపాటు ఎదురెదురు కిటికీలున్నాయా, వంటింటి పొగ పోయే షాఫ్టు ఎక్కడిదాకా పోతుంది, కింద దుకాణాలకు వేసే డక్టులకు లీకేజీ పరీక్ష ఉందా అని కూడా అడగాలి. ఈ నగరాన్ని కట్టినవాళ్ళ మనుమలకు అడిగే హక్కుంది.

ఆఫీసు నడిపేవాళ్ళకు, ఇల్లు కట్టేవాళ్ళకు, నా వెనక ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. గాలి చాలడం లేదని ఎవరైనా అంటే యంత్రం గదికి పోకండి. అందరికంటే చివర కూర్చున్న మనిషి దగ్గరికి పోయి, అతని నెత్తిమీది గ్రిల్ దగ్గర కొలవండి. అక్కడి నుంచి వెనక్కి నడుస్తూ, గాలి ఎక్కడ తగ్గిందో చూసి అక్కడ మూయండి. అంతా మూశాక కూడా చాలకపోతే, అప్పుడు కొత్త యంత్రం కొనండి.